గ్రహశకలం దారిలో చుక్క అడ్డొస్తే ఎపర్చర్ ఎంత పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. పాలకొల్లు దగ్గర మేడ మీద 8 అంగుళాల న్యూటోనియన్ టెలిస్కోపు పెట్టి, 15వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) గ్రహశకలం ఒకదాన్ని రెండు రాత్రులు తీశారు. దాని వెలుగు ఎలా పెరిగి తగ్గుతోందో గ్రాఫ్ గీసి, ఎన్ని గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతోందో తేల్చాలన్నది మీ ఆలోచన. దారిలో అది నాలుగు చుక్కల పక్కనుంచి వెళ్ళింది. ఆ చుక్కల్ని సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తే ఒకసారి తెల్లటి రింగు, ఒకసారి నల్లటి గుంట మిగులుతున్నాయి. ఎపర్చర్‌ను, అంటే వెలుగు కొలవడానికి గీసే వృత్తాన్ని, 5 పిక్సెళ్ళ నుంచి 12 దాకా మార్చి చూశారు, ఏదీ కుదరలేదు. అసలు ఎంత పెట్టాలి?

అన్ని పనులకూ సరిపోయే ఒక్క అంకె లేదండి. చుక్కను తీసే పనిలో నాలుగు వృత్తాలున్నాయి, మీరు నాలుగింటికీ ఒకే అంకె ఇస్తున్నారు. 5 పెట్టినప్పుడు రింగు రావడానికీ, 12 పెట్టినప్పుడు గుంట రావడానికీ అదే కారణం. నాలుగూ ఆ ఫ్రేములో చుక్క ఎంత వెడల్పుగా పడిందో దాన్ని బట్టే ఉండాలి. ఆ వెడల్పునే ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం అంటాం, అంటే వెలుగు శిఖరంలో సగానికి పడిపోయేచోట చుక్కకు ఉండే వెడల్పు. ప్రతిసారీ అంత పొడుగు పేరు రాయలేను కాబట్టి ఇకపై దాన్ని "వెడల్పు" అనే అంటాను.

మీరు చెప్పిన సామాను లెక్కే తీసుకుందాం. ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ., పిక్సెల్ 3.76 మైక్రాన్లు. 206.265 ని 3.76 తో గుణించి 1000 తో భాగిస్తే పిక్సెల్‌కు 0.78 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వస్తుంది. మన డెల్టాలో మామూలు రాత్రి నాకు చుక్క వెడల్పు 3.5 ఆర్క్‌సెకన్ల చుట్టూ ఉంటుంది. అంటే మీకు 4.5 పిక్సెళ్ళు. దాన్నిబట్టి:

చుక్క వెలుగును అంచనా కట్టే వృత్తం (ఫిట్టింగ్ రేడియస్): ఒక వెడల్పు. 4.5 పిక్సెళ్ళు.
చుక్కను తీసేసే వృత్తం (పీఎస్‌ఎఫ్ రేడియస్): నాలుగు వెడల్పులు, పైన ఒక పిక్సెల్. 19 పిక్సెళ్ళు.
ఆకాశపు వెలుగును కొలిచే వలయం: నాలుగు వెడల్పుల దూరంలో, అంటే 18 దగ్గర మొదలై, రెండున్నర నుంచి నాలుగు వెడల్పుల మందం. 11 నుంచి 18 పిక్సెళ్ళు.
చివర్లో గ్రహశకలాన్ని కొలిచే ఎపర్చర్: ఒకటి నుంచి ఒకటిన్నర వెడల్పు. 4.5 నుంచి 7 పిక్సెళ్ళు.

ఇవి నా సొంత అంకెలు కావు. పీటర్ స్టెట్సన్ రాసిన, చుక్కల వెలుగు కొలిచే డావోఫాట్ ప్రోగ్రామ్ గురించిన పేపర్ 1987లో వచ్చింది. అది ఐరాఫ్ అనే ఖగోళ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళాక, దాని గైడ్లలో మొదలుపెట్టడానికి ఇచ్చే అంకెలు దాదాపు ఇవే. నేను వీటితోనే మొదలుపెట్టి, ఫ్రేమును చూసి అటూ ఇటూ జరుపుతాను.

ఇవన్నీ రేడియస్‌లు. కొన్ని సాఫ్ట్‌వేర్లు అదే గడిలో డయామీటర్ అడుగుతాయి. ఒకదాంట్లో పనిచేసిన 6 ని ఇంకోదాంట్లో అలాగే కొట్టి వారం రోజులు తల పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తెర మీద ఎపర్చర్ గీత చుక్కకు ఎంత దూరంలో పడుతోందో కంటితో చూసుకోండి, అంకెను నమ్మకండి.

ఇప్పుడు మీ రింగు సంగతి. చుక్క వెలుగు గంట ఆకారంలో పడుతుందని అనుకుంటే, సగం వెడల్పు రేడియస్‌లో 50 శాతం వెలుగు ఉంటుంది, ఒక వెడల్పు రేడియస్‌లో దాదాపు 94 శాతం, ఒకటిన్నర వెడల్పులో 99.8 శాతం. ఈ లెక్క చూసి 5 పిక్సెళ్ళ దాకా తీసేస్తే పనైపోయిందనుకుంటాం. కానీ నిజం చుక్కకు రెక్కలుంటాయి. గాలి, అద్దం, దుమ్ము, తేమ అన్నీ కలిసి కాస్త వెలుగును దూరంగా చిమ్ముతాయి. మీ నాలుగింటిలో రెండో చుక్క 13వ మాగ్నిట్యూడ్ అన్నారు కదా. అది మీ గ్రహశకలం కంటే ఆరు రెట్లకు పైగా ప్రకాశవంతం. దాని వెలుగులో 3 శాతం బయట మిగిలినా, అది గ్రహశకలం వెలుగులో దాదాపు అయిదో వంతు. నడుమ ఖాళీ చేసి చుట్టూ రెక్కలు వదిలేశారు కాబట్టి తెల్లటి రింగు కనిపించింది.

ఇక గుంట. ఇది ఇంకాస్త మోసకారి. ఫిట్టింగ్ రేడియస్‌ను 12 చేసినప్పుడు పక్కనున్న గ్రహశకలం కూడా ఆ వృత్తంలోకి వచ్చేసింది. ప్రోగ్రామ్‌కు అక్కడ రెండు వస్తువులున్నాయని మీరు చెప్పలేదు. అది ఆ వెలుగంతా చుక్కదే అనుకుని, చుక్కకు ఉన్నదానికంటే ఎక్కువ వెలుగు కట్టి, అంతా తీసేసింది. చుక్క ఉన్నచోట గుంట పడింది, గ్రహశకలంలో కొంత భాగం కూడా పోయింది. కొబ్బరి కోరేటప్పుడు చెయ్యి గట్టిగా నొక్కితే తెల్ల కోరుతో పాటు గోధుమరంగు పొట్టు కూడా దిగిపోతుంది చూడండి, అలాగన్నమాట. అంచనా కట్టడానికి చిన్న వృత్తం, తీసేయడానికి పెద్ద వృత్తం వేరువేరుగా పెట్టేది ఇందుకే. చుక్క నడిబొడ్డులో సిగ్నల్ బలంగా ఉంటుంది, పక్కవాడి వెలుగు తక్కువగా ఉంటుంది. అక్కడ చూసి వెలుగు కట్టి, ఆకారాన్ని మాత్రం రెక్కల చివరిదాకా పరిచి తీసేయాలి.

రెండూ మరీ దగ్గరగా, వెడల్పున్నర లోపల ఉంటే చిన్న వృత్తం కూడా కాపాడదు. అప్పుడు రెండింటినీ ఒక గుంపుగా కలిపి ఒకేసారి ఫిట్ చేయాలి. డావోఫాట్‌లో ఆల్‌స్టార్ అనే భాగం చేసే పని అదే. పైథాన్‌లో ఫోటుటిల్స్ అనే లైబ్రరీ వాడితే అందులోనూ గ్రూపింగ్ ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఈ సదుపాయం ఉండదు. అలాంటప్పుడు ఏం చేయాలో కింద చెబుతాను, నేను ఎక్కువగా చేసేది అదే.

దానికి ముందు, మిగులు ఫ్రేమును చదవడం నేర్చుకోండి. చుక్కను తీసేశాక అక్కడ ఏం మిగిలిందో ఆ ఆకారమే ఎక్కడ తప్పు జరిగిందో చెబుతుంది.

నడుమ నల్లగా, చుట్టూ తెల్లగా ఉంటే మీ మోడల్, అంటే ప్రోగ్రామ్ కట్టుకున్న చుక్క ఆకారం, అసలు చుక్క కంటే సన్నంగా ఉంది. న్యూటోనియన్‌లో ఇది సహజం. నడుమ ఉన్న చుక్కలతో మోడల్ కట్టి, మూలనున్న చుక్కను తీయబోతారు. అక్కడ కోమా అనే అద్దపు లోపం వల్ల చుక్క తోకచుక్కలా సాగి ఉంటుంది. గ్రహశకలం ఏ మూలన ఉంటే ఆ చుట్టుపక్కల, ఒంటరిగా ఉన్న, సాచురేట్ కాని (వెలుగు కెమెరా పరిమితి దాటని) చుక్కలతోనే మోడల్ కట్టండి. అయిదారు దొరికినా చాలు. దీనికి తలకిందులుగా, నడుమ తెల్లగా, చుట్టూ నల్లగా ఉంటే మోడల్ లావైంది. మోడల్‌కు ఎంచుకున్న చుక్కల్లో ఏదో ఒకదానికి అంటిపెట్టుకుని ఇంకో చిన్న చుక్క ఉండి ఉంటుంది, వెతికి దాన్ని తీసేయండి.

ఒక పక్క నలుపు, ఇంకో పక్క తెలుపు ఉంటే కేంద్రం జరిగింది. పిక్సెల్‌లో పదో వంతు జరిగినా ప్రకాశవంతమైన చుక్క దగ్గర ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గుండ్రంగా, పళ్ళెం అంచులా గీత కనిపిస్తే తీసేసే వృత్తం చిన్నదైంది, పెంచండి. చుక్క ఉన్నచోటంతా ముదురు రంగు పడితే ఆకాశపు వెలుగును తక్కువగా కొలిచారు, లేదా పక్కవాడి వెలుగు చుక్కలోకి వెళ్ళింది.

సాచురేట్ అయిన చుక్కకు మాత్రం ఏ వృత్తమూ పనిచేయదు. కెమెరా గరిష్ఠ అంకె 65535 దగ్గర తల తెగిపోయిన చుక్క నిజం ఎత్తు ఎంతో ఫ్రేములో లేదు. దాని పక్కనుంచి వెళ్ళిన ఫ్రేములు వదిలేయడమే.

ఇప్పుడు నా పద్ధతి. గ్రహశకలం కదులుతుంది, చుక్కలు కదలవు. కుజుడు, గురువుల నడుమ పట్టీలో తిరిగే గ్రహశకలం మనకు సూర్యుడికి ఎదురుగా వచ్చినప్పుడు నిమిషానికి అర ఆర్క్‌సెకను పైచిలుకు జరుగుతుంది. ఒక చుక్కను దాటిపోవడానికి సుమారు అరగంట. మిగతా రాత్రంతా ఆ చుక్క ఒంటరిగానే ఉంటుంది. అలాంటప్పుడు చుక్క ఆకారాన్ని ఊహించి తీయడమెందుకు? గ్రహశకలం లేనప్పుడు అదే చోట, అదే ఎపర్చర్ పెట్టి, అక్కడ ఎంత వెలుగుందో నేరుగా కొలవచ్చు.

అదే చోట అంటే చుక్క మీద కాదు, గ్రహశకలం ఉండిన చోట. రాత్రి 11:20 ఫ్రేములో గ్రహశకలం ఏ ఆకాశ నిర్దేశాంకాల దగ్గర ఉందో రాసుకోండి. 9 గంటల ఫ్రేముల్లో సరిగ్గా ఆ బిందువు మీదే ఎపర్చర్ పెట్టండి. చుక్క అందులో సగం పడిందా, పావు పడిందా అనే గొడవ మీకక్కర్లేదు. ఎంత పడితే అంతే లెక్కలోకి వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులంటే మొదటి ప్రమాద హెచ్చరిక అని డెల్టాలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ అంకెకు విలువ ఉన్నది స్కేలును ఎవరూ జరపకపోబట్టే. మీ ఎపర్చర్‌నూ అలాగే పాతేయండి. ముఖ్యంగా ఆటో సెంటరింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే, ఖాళీ చోట పెట్టిన ఎపర్చర్ పక్కనున్న చుక్క మీదకు గెంతి కూర్చుంటుంది, మీకు చెప్పదు కూడా.

ఒక లెక్క చేసి చూపిస్తాను. 9 గంటల ఫ్రేములో పోలిక చుక్క (పోల్చుకోవడానికి పెట్టుకున్న, వెలుగు మారని చుక్క) వెలుగు 2,00,000. గ్రహశకలం రాబోయే చోట, ఆకాశపు వెలుగు తీసేశాక, ఎపర్చర్‌లో 3,150. 11:20కి మంచు పొర వచ్చి పోలిక చుక్క 1,80,000కు పడిపోయింది, అంటే 0.9 రెట్లు. కాబట్టి అప్పుడు చుక్క వాటా 3,150 × 0.9 = 2,835. ఎపర్చర్‌లో మొత్తం 20,835 వస్తే గ్రహశకలానిది 18,000. తీయకుండా వదిలేసి ఉంటే మీ గ్రాఫ్ 0.16 మాగ్నిట్యూడ్ పైకి లేచేది. గ్రహశకలం కంటే రెండు మాగ్నిట్యూడ్‌లు మసకైన చుక్క చేసే అల్లరి ఇది. మూడు మాగ్నిట్యూడ్‌లు మసకైనది కూడా 0.07 దాకా లేపుతుంది. "చిన్న చుక్కే కదా" అని వదిలేయకండి.

తీసివేత ఎప్పుడూ వెలుగుల మధ్యే, మాగ్నిట్యూడ్‌ల మధ్య కాదు. మాగ్నిట్యూడ్ లాగరిథమ్ లెక్క, దాన్ని నేరుగా తీసేస్తే అర్థం లేని అంకె వస్తుంది. ఈ స్కేలును 1856లో స్థిరపరచిన నార్మన్ పోగ్సన్ తర్వాత మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1861లో అక్కడినుంచే 67 ఏషియా అనే గ్రహశకలాన్ని కనిపెట్టాడు. అప్పట్లో మన గోదావరి జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. సందర్భం వచ్చింది కాబట్టి చెప్పాను.

ఖాళీ కొలతను, అంటే గ్రహశకలం లేనప్పటి కొలతను, ఒక్క ఫ్రేముతో సరిపెట్టకండి. పది, పదిహేను ఫ్రేముల్లో కొలిచి సగటు తీసుకోండి, లేకపోతే ఆ కొలతలోని నాయిస్ కూడా మీ గ్రాఫ్‌లోకి వస్తుంది. మొదటి రాత్రి ఖాళీ ఫ్రేములు దొరక్కపోతే రెండో రాత్రివి వాడొచ్చు. రోజుకు గ్రహశకలం పావు డిగ్రీ మాత్రమే జరుగుతుంది కాబట్టి, నిన్నటి చుక్కలు మీ ఫీల్డులో ఇంకా ఉండొచ్చు. ఈక్వటోరియల్ మౌంట్ అయితే మెరిడియన్ ఫ్లిప్‌కు (నడినెత్తి గీత దాటాక టెలిస్కోపు అవతలి పక్కకు తిరగడం) అటువైపు ఫ్రేములతో ఇటువైపు లెక్క కట్టకండి. కెమెరా తలకిందులవుతుంది, చుక్క ఆకారం మారొచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఒకటుంది. ఖాళీ ఫ్రేముల్లో చుక్క వెడల్పు, అసలు ఫ్రేములో వెడల్పు దాదాపు ఒకటే ఉండాలి. పది శాతం తేడా వరకు నేను ఊరుకుంటాను. మామూలు పోలిక కొలతలో వెడల్పు మారినా పెద్ద నష్టం లేదు, గ్రహశకలం, పోలిక చుక్క రెండూ ఒకేలా ఉబ్బుతాయి కాబట్టి భాగహారంలో ఆ తేడా కొట్టుకుపోతుంది. చుక్కను తీసేటప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఎపర్చర్ అంచున ఉన్న చుక్క ఉబ్బితే, లోపలున్నది బయటికి కారుతుంది, బయటున్నది లోపలికి కారుతుంది.

నాకు ఇది తెలిసొచ్చిన తీరు చెబుతాను. కొన్నేళ్ళ కిందట, డిసెంబర్ అమావాస్య నాటి సంగతి. మాది రాజోలు వైపు. రాత్రి 2 గంటలకు గ్రాఫ్‌లో రెండు చిన్న గుంటలు కనిపించాయి, ఒక్కోటి 0.08 మాగ్నిట్యూడ్, మధ్యలో పన్నెండు నిమిషాల తేడా. గ్రహశకలానికి ఉపగ్రహం ఉండి, అది అడ్డొస్తే ఇలాంటి గుంటలే వస్తాయి. నా చేతులు వణికాయి. కిందికి దిగి మా ఆవిడను లేపాను. "చందమామ దొరికింది" అన్నాను. ఆవిడ కిటికీ వైపు చూసి, "అమావాస్య నాడు చందమామేంటండీ, పడుకోండి" అని అటు తిరిగి పడుకుంది.

ఆవిడే కరెక్టు. మర్నాడు మధ్యాహ్నం లెక్కలు తిరగేస్తే తెలిసింది. నేను తీసేసిన 14వ మాగ్నిట్యూడ్ చుక్క ఎపర్చర్ అంచు దాటి లోపలికి వచ్చినప్పుడు ఒక గుంట, అవతలి అంచు దగ్గరికి చేరినప్పుడు ఇంకో గుంట. ఖాళీ కొలత సాయంత్రం 8 గంటలది, అప్పుడు వెడల్పు 4 పిక్సెళ్ళు. రాత్రి 2 గంటలకు అద్దం మీద మంచు పట్టి 6 అయింది. ఆరుపిక్సెళ్ళ చుక్కలోంచి నాలుగు పిక్సెళ్ళ చుక్కను తీశాను. అంచు లోపల ఉన్నప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ తీసి గుంటలు పెట్టాను, అంచు బయట ఉన్నప్పుడు తక్కువ తీసి గుంటల పక్కనే చిన్న బొడిపెలు వదిలాను. బొడిపెలు గ్రాఫ్‌లో స్పష్టంగానే ఉన్నాయి. గుంటలు చూసిన సంబరంలో వాటి వైపు చూడలేదు. పైగా నిజం ఉపగ్రహ గ్రహణం పన్నెండు నిమిషాల్లో వచ్చిపోయేది కాదని కూడా ఆ రాత్రి గుర్తుకు రాలేదు.

అప్పటినుంచి ప్రతి ఫ్రేముకూ చుక్క వెడల్పు కొలిచి, టైముతో పాటు ఒక కాలమ్‌లో రాసుకుంటున్నాను. ఖాళీ ఫ్రేము పదునుగా ఉండి అసలు ఫ్రేము ఉబ్బి ఉంటే, పదునైనదాన్ని కావాలనే మసకబారుస్తాను. పెద్ద వెడల్పు వర్గంలోంచి చిన్న వెడల్పు వర్గం తీసి, వర్గమూలం కడితే ఎంత మసకబార్చాలో వస్తుంది. 4.5 ని 5.5 చేయాలంటే 3.2 పిక్సెళ్ళ వెడల్పున్న గాసియన్ బ్లర్. ఉబ్బినదాన్ని పదును పెట్టే ప్రయత్నం చేయకండి, ఆ దారిలో కొత్త రింగులు పుడతాయి. పెద్ద సర్వేలు ఇదే పనిని ఇంకా పకడ్బందీగా చేస్తాయి. అలార్డ్, లప్టన్ 1998లో ఇచ్చిన పద్ధతి ఫ్రేముల మధ్య మసక తేడాను తానే లెక్కగట్టి సరిచేస్తుంది. హాట్‌ప్యాంట్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ దాని మీదే నడుస్తుంది. లైనక్స్ అలవాటుంటే చూడండి, లేకపోతే నా బ్లర్ చాలు.

మన ప్రాంతానికి సంబంధించి ఒక చిక్కు ఉంది. ఇక్కడ ఆకాశం తేటగా దొరికేది వానలు, తుపాన్ల బెడద తగ్గాక. ధనుర్మాసం వచ్చేసరికి సూర్యుడు ధనుస్సులో ఉంటాడు, కాబట్టి సూర్యుడికి ఎదురుగా ఉండే గ్రహశకలాలు అర్ధరాత్రి వేళ మిథునంలో, దాదాపు మన నడినెత్తిన ఉంటాయి. ఎత్తు విషయంలో అదృష్టమే. కానీ పాలపుంత అక్కడినుంచే వెళుతుంది. చుక్కలు కిక్కిరిసి ఉంటాయి. మీకు రెండు రాత్రుల్లో నాలుగు చుక్కలు అడ్డొచ్చాయంటే ఆశ్చర్యం లేదు. ఆషాఢంలో ఎదురుగా వచ్చేవి ధనుస్సు వైపు, ఇంకా దట్టమైన చోట ఉంటాయి, అప్పుడు మనకెలాగూ మబ్బులే.

కిక్కిరిసిన చోట ఆకాశపు వలయంలోనూ చుక్కలు పడతాయి. సగటు కాకుండా మీడియన్ (వరుసలో నడిమి విలువ) వాడండి, విపరీతమైన పిక్సెళ్ళను వదిలేసే సిగ్మా క్లిప్పింగ్ ఆన్ చేయండి. వీలైతే రెండు విడతలుగా చేయండి: ముందు చుట్టూ ఉన్న చుక్కలన్నీ తీసేసి, ఆ మిగులు ఫ్రేములో ఆకాశపు వెలుగు మళ్ళీ కొలిచి, దాంతో అసలు చుక్కను మళ్ళీ ఫిట్ చేయడం. మీ ఊరి చుట్టూ రొయ్యల చెరువుల లైట్లు ఒకవైపు ఆకాశాన్ని తెల్లగా చేస్తున్నాయని రాశారు. ఆ వాలు నిలకడగా ఉన్నంతకాలం గుండ్రటి వలయం దాన్ని తనలోనే సరిచేసుకుంటుంది, ఒక పక్క ఎక్కువైతే ఎదురు పక్క తక్కువవుతుంది. వలయంలో ఒక ముక్క మాత్రమే వాడే ఆప్షన్ ఉంటే దాని జోలికి పోకండి.

మంచు విషయంలో బేరం లేదు. హీటర్ పట్టీ కట్టండి. న్యూటోనియన్‌కు ట్యూబు అడుగున ఉండే పెద్ద అద్దానికి కాస్త రక్షణ ఉంటుంది గానీ పైనుండే చిన్న అద్దం మన తేమకు త్వరగా చెమరుస్తుంది. కొబ్బరాకులు అడ్డొచ్చిన ఫ్రేములు కూడా వెడల్పు కాలమ్‌లో దొరికిపోతాయి.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. చుక్క వెలుగును తీసేయగలం, చుక్క తెచ్చిన నాయిస్‌ను తీసేయలేం. గ్రహశకలం నుంచి 10,000 ఎలక్ట్రాన్లు వస్తే దాని నాయిస్ 100, అంటే ఒక శాతం. పక్కన 40,000 ఎలక్ట్రాన్ల చుక్క ఉంటే మొత్తం నాయిస్ 50,000 వర్గమూలం, 224. చుక్కను ఎంత శుభ్రంగా తీసినా ఆ 224 అక్కడే ఉంటుంది. ఎర్రర్ బార్ (కొలతలో తప్పు ఎంత ఉండొచ్చో చూపే గీత) రెండింతలు దాటింది. గ్రాఫ్‌లో ఆ బిందువులకు పాత ఎర్రర్ బార్లే పెడితే అబద్ధం చెప్పినట్టు.

అందుకే నా సొంత నియమం ఒకటి. చుక్క గ్రహశకలం కంటే రెండు మాగ్నిట్యూడ్‌లు ప్రకాశవంతమై, వెడల్పున్నర లోపలికి వచ్చిందంటే తీసే ప్రయత్నమే చేయను. ఆ ఫ్రేములు పారేస్తాను. అలాంటి చుక్కను తీయడంలో అయిదు శాతం తప్పు జరిగితే గ్రహశకలం దగ్గర 0.3 మాగ్నిట్యూడ్ తప్పు. అరగంట ఖాళీ గ్రాఫ్‌కు ప్రాణం తీయదు, తర్వాతి రాత్రి అదే ముఖం మళ్ళీ మనవైపు తిరిగినప్పుడు నిండుతుంది. మీ రెండో చుక్కను, ఆ 13వ మాగ్నిట్యూడ్‌దాన్ని, ఈ లెక్కన దగ్గరికి వచ్చిన మేరకు వదిలేయమనే నా సలహా.

కృత్రిమ మేధతో ఒక్క క్లిక్కులో చుక్కలు మాయం చేసే స్టార్‌నెట్ లాంటివి వాడొచ్చా అని చివర్లో అడిగారు. నెబ్యులా ఫోటో అందంగా రావడానికి వాడండి, నేనూ వాడతాను. కొలతకు వద్దు. అది చుక్క ఉన్నచోట ఏం ఉండొచ్చో ఊహించి పూడ్చుతుంది. చాలాసార్లు మీ గ్రహశకలాన్ని కూడా చుక్కే అనుకుని ఊడ్చేస్తుంది.

తోకచుక్కల దాకా వెళ్తే కథ వేరు. తోకచుక్క తల చుట్టూ ఉండే మబ్బునూ కోమా అనే అంటారు (ఇందాకటి అద్దపు లోపం కాదు). అది విస్తరించి ఉంటుంది కాబట్టి అక్కడ కొలిచే ఎపర్చర్ వెడల్పును బట్టి కాకుండా కిలోమీటర్లను బట్టి పెట్టడం వాడుక. 10,000 కి.మీ. రేడియస్ అంటే, భూమికి ఒక ఖగోళ ప్రమాణం (భూమికీ సూర్యుడికీ ఉన్న సగటు దూరం) దూరంలో ఉన్నప్పుడు దాదాపు 14 ఆర్క్‌సెకన్లు. అంత పెద్ద వృత్తంలో చుక్కలు తప్పకుండా పడతాయి. వాటిని తీసేటప్పుడు ఆకాశపు వలయాన్ని చుక్కకు బాగా దగ్గరగా బిగించాలి, ఎందుకంటే ఆ చుక్క కింద ఉన్నది ఆకాశం కాదు, కోమా. దాన్ని పొరపాటున కూడా తీయకూడదు. దీని గురించి కావాలంటే వేరే ప్రశ్న వేయండి, రాస్తాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది: మొదటి రాత్రి మొదటి చుక్కతో మొదలుపెట్టండి, అది మీ నాలుగింటిలో మసకైనది, గ్రహశకలం దాని మీదుగా తిన్నగా వెళ్ళింది కూడా. ఖాళీ ఫ్రేములు పన్నెండు తీసుకుని పై లెక్క కట్టండి. అదే లెక్కను ఇంకో పరీక్షకూ పెట్టండి. గ్రహశకలం ఎప్పుడూ వెళ్ళని చోట, అంతే వెలుగున్న వేరే చుక్క పక్కన ఉత్త ఎపర్చర్ పెట్టి తీసివేత చేస్తే సున్నా రావాలి. సున్నా చుట్టూ అటూ ఇటూ ఊగితే మంచిదే. ఒకే పక్కకు ఒరుగుతూ ఉంటే ఆ ఫ్రేముల వెడల్పు కాలమ్, ఒక మిగులు ఫ్రేము ఇక్కడ పెట్టండి, చూస్తాను. ఫిట్స్ ఫైలే (కెమెరా ముడి డేటా ఉండే ఫైలు) పెట్టండి, స్ట్రెచ్ చేసిన జేపెగ్ వద్దు.